చిక్కుడు పాదు కింది ఆకులు

అడిగిన రోజే జవాబు చెప్పడం వరాలమ్మ గారికి అలవాటు లేదు. చంపావతి నది ఒడ్డున ఉన్న ఆమె ఆశ్రమానికి వచ్చినవాళ్లలో సగం మంది ఆ ఆలస్యానికే విసిగి తిరుగు బస్సు ఎక్కేవారు. ఉండిపోయిన కొద్దిమందిలో గవరయ్య ఒకడు.

గవరయ్య భార్య పైడమ్మ పోయి ఏడాదైంది. ఆమె పేరు ఎవరి నోట వచ్చినా అతను అక్కడి నుంచి లేచిపోయేవాడు. అన్నం సయించేది కాదు. వాన వెలిసిన ఒక సాయంత్రం గురువుగారి ఎదుట కూలబడి అడిగాడు: "రోజూ మనసు ఊడ్సుకుంతన్నానమ్మా. అయినా ఆ మనిసి గురుతులు పోటం నేదు. ఇది ఎప్పటికి శుభ్రమవుద్ది? నా వల్ల కాదంటే సెప్పీండి, ఎటో పోతాను."

"దొడ్లో చిక్కుడు గింజలు పెట్టు. ఆ కాయలు వండి పెట్టిన రోజు మాట్లాడుకుందాం" అన్నారామె.

గవరయ్య ఏ పనైనా మనసు పెట్టి చేసే మనిషి. అక్కడే వచ్చింది చిక్కు. ఇంటి వాకిలి ఎలా ఉంచాలని చిన్నప్పుడు తల్లి నేర్పిందో, చిక్కుడు పాదునూ అలాగే ఉంచాడు. తెల్లవారగానే ఆకూ అలమూ లేకుండా ఊడ్చి, పేడనీళ్లతో కళ్లాపి చల్లేవాడు. ఇక ముగ్గొకటే తక్కువ! ఊడ్చిన ఆకులన్నీ ఓ మూలకు చేర్చి తగలబెట్టేవాడు. నెల తిరిగేసరికి నేల గచ్చులా బిగిసిపోయింది. పోసిన నీళ్లు పక్కకు జారిపోయేవి. తీగ మోకాలెత్తు లేచి, పసుపుబారి, అక్కడే నిలిచిపోయింది.

ఒకనాడు గురువుగారు వచ్చి చూసి, అతని చేతిలోని చీపురు తీసేసుకున్నారు. "రాలినదాన్ని రాలినచోటే ఉండనీ. వంటింటి తొక్కలూ పశువుల పేడా కూడా తెచ్చి దాని మీదే వెయ్యి" అన్నారు.

"కుళ్లిపోద్దమ్మా!"

"కుళ్లనీ."

ఆ తరువాతి రోజులు గవరయ్యకు సగం నిద్రలో నడిచినట్టు గడిచాయి. మునగాకూ గానుగాకూ నెమ్మదిగా రాలి పాదు మీద పరుచుకునేవి. సన్నటి తుంపర వాటిని తడిపి వెళ్లేది. మొదట ముక్కు మూసుకోవలసి వచ్చింది. కొన్నాళ్లకు ఆ వాసనే తొలకరి వాసనగా మారింది. పొద్దుటి చలిలో పాదు మీంచి పల్చగా ఆవిరి లేచేది, ఆకులు తొలగిస్తే వానపాములు మెల్లగా లోపలికి జారుకునేవి. చేయి పెడితే మణికట్టు దాకా దిగేది; లోపల నేల గోరువెచ్చగా ఉండేది. ఆ తడి ఆకుల మీద ఎవరో మెత్తగా నడిచివెళ్లినట్టు ఒక్కోసారి అనిపించేది. అప్పుడు మునుపటిలా లేచిపోయేవాడు కాదు. అలాగే కూర్చుని వినేవాడు.

మార్గశిరానికి తీగ తేరుకుని పందిరెక్కింది; పందిరి నిండా కాయలు దిగాయి. గవరయ్య వాటిని వండి, గురువుగారికి వడ్డించి, తనూ ఎదురుగా కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇందులో నువ్వులపొడి పడాల" అన్నాడు. "దించే ముందు ఏసేది, మా పైడమ్మ."

ఆమె పోయాక ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. కళ్లనీళ్లు విస్తట్లో పడుతున్నా తుడుచుకోలేదు. ఆ రోజు కడుపు నిండా తిన్నాడు.

గురువుగారు అతని విస్తరి ఖాళీ అయ్యేదాకా ఉండి, చేయి కడుక్కోవడానికి లేస్తూ అన్నారు: "రేపు ఆవిడ వండినట్టే వండు, నాయనా."