ఎర్రపురుగు, నల్లపురుగు

వెనకటికి కుందాపురి అనే చిన్న రాజ్యాన్ని రణభూపతి ఏలేవాడు. ఆయనకు చిన్న మాట తగిలినా పెద్ద కోపం వచ్చేది.

ఒకనాడు కొలువులో ఉండగా, నలుపూ ఎరుపూ కలిసిన చీమంత పురుగొకటి ఆయన మెడ మీద పాకింది. రాజు దాన్ని అరచేత్తో నలిపేశాడు. మర్నాటికి మెడంతా బొబ్బలెక్కి మండిపోయింది.

ఆస్థాన పండితుడు విఠ్ఠలభట్టు వచ్చి చూశాడు. "ప్రభూ, వరిచేలల్లో ఇలాంటివి రెండు రకాలున్నాయి. ఎర్రది, మీ మెడ మీద పాకినది, కాటేస్తుంది. దాని కన్న పెద్దది, నల్లది, తోకతో కుడుతుంది. రెండూ పంట తినేవే. చేలు తగలబెట్టిస్తే పీడ పోతుంది" అన్నాడు.

"మా మెడనే కరుస్తాయా! మూడు రోజుల్లో తగలబెట్టండి" అన్నాడు రాజు.

ఆ కబురు బూసమ్మ అనే ముసలి రైతు చెవిన పడింది. వెన్ను తీయబోతూ పొట్టమీదున్న వరి ఆమెకున్న ఒకే ఆధారం. రెండు కుండల్లో తలా కాస్త తడిమట్టి పోసి, పైరు రసం పీల్చే దోమ పట్టిన వరిదుబ్బు నాటింది. ఒకదాంట్లో ఎర్రపురుగుల్ని, రెండోదాంట్లో నల్లపురుగుల్ని, వాటితోపాటు ఆకులు తినే నాలుగు లద్దెపురుగుల్ని వదిలి మూతికి గుడ్డ కట్టింది. మూడోరోజున వాటిని కొలువుకు మోసుకొచ్చింది.

"ఏలినవారు చూడాలి. ఇవి వరి తినేవైతే దుబ్బులు మిగలకూడదు గదా?"

రాజు తొంగిచూశాడు. దుబ్బులు పచ్చగానే ఉన్నాయి. మొదటి కుండలో దోమ లేదు. రెండోదాంట్లో లద్దెపురుగులు లేవు.

"ఎర్రది దుబ్బెక్కి దోమను తింటుంది. నల్లది మట్టిలో తిరిగి పురుగుల్ని వేటాడుతుంది" అంది బూసమ్మ.

"కాటు సంగతేమిటి?" అని గద్దించాడు భట్టు.

ఆమె రెండు చేతుల మీదికీ చెరొకటి ఎక్కించుకుంది. నల్లది తేలులా తోక పైకెత్తింది. భట్టు ఎగిరి స్తంభం వెనక్కి దూకాడు.

"తోకలో ముల్లు లేదు బాబూ, ఉత్త బెదిరింపే" అంటూ ఆమె రెంటినీ మెల్లగా కుండల్లోకి ఊదేసింది. చేతుల మీద చిన్న మచ్చ కూడా లేదు.

రాజు మొహం ఎర్రబడింది. "అయితే మా మెడ ఎందుకు మండింది?"



"అది కరవలేదు ప్రభూ, తమరే నలిపారు. దాని నెత్తురు తగిలితే మంట. మా రైతుల్లాంటిదే. తన మానాన తనను వదిలేస్తే మీ గాదెలు నింపుతుంది. నలిపితే మాత్రం నలిపిన చేతిని ఊరుకోనివ్వదు."

 రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పండితుణ్ణి గంతులేయించావు, నన్ను నోరెత్తకుండా చేశావు. ఏం కావాలో కోరుకో!"

"కానుకలు వద్దు దొరా. మీ భటులు కాగడాలతో మా ఊరివైపే వెళ్తూ దారిలో నాకెదురయ్యారు. నా కాళ్ళకంటే వేగంగా పోయేదేదైనా ఇప్పించండి!"

రాజు తన ఆజ్ఞ వెనక్కి తీసుకుని, తన రథాన్నే ఇచ్చాడు. గట్టు మీద కాగడాలు ముట్టించిన భటులు, రాజుగారే వచ్చారనుకుని వంగి దండాలు పెట్టారు. రథంలోంచి బూసమ్మ మట్టికాళ్ళతో దిగింది.

"ఆర్పండి నాయనా, ఆర్పండి. రాజుగారి ఆజ్ఞ!" అని చేనికి అడ్డంగా నిలబడింది.