వాగులో ఉడుము పరుగు

ఆ సాయంత్రం ఎండిన వాగు గట్టున ఇసకేస్తే రాలనంత జనం! జనమంటే మనుషులు కాదండోయ్, జంతువులూ పిట్టలూను. గుడ్ల దొంగ అని పట్టి కట్టేసిన ఉడుమును వాగులో పరుగెత్తించే రోజది. రేచుకుక్కలు తరుముతుంటే గట్టు మీద అందరూ కేకలేస్తారు. ఈ వేడుక పెట్టింది నక్క. కట్టుబాట్లూ దానివే: దొంగతో మాట్లాడకూడదు, దొంగ మీంచి చూపు తిప్పకూడదు. తిప్పారా, మర్నాడు వాగులో పరుగు వాళ్లదే!

మన కౌజుపిట్టకు ఈ వేడుకంటే పిచ్చి. గట్టు వెనక గడ్డిలో గుడ్లు వదిలేసి మరీ వచ్చింది.

"ఆ తోక కాస్త ముడుచుకో బావా, ఏమీ కనబడ్డం లేదు!" అంది నెమలితో.

"పిడికెడు లేవు, నా వీపెక్కి చూడవే!"

నక్క గట్టు మీది బండరాయెక్కి, "కళ్లన్నీ దొంగ మీదే!" అని అరిచి దిగింది. ఉడుము పరుగందుకుంది. అబ్బబ్బ, ఏం గోల, ఏం ఈలలు! కౌజు గొంతు బొంగురుపోయింది.

ఇంతలో ఉడుము రొప్పుతూ వచ్చి సరిగ్గా దాని ముందే బోర్లా పడింది.

"అక్కా, నన్ను కట్టేశాక కూడా గుడ్లు పోతూనే ఉన్నాయటగా. మరి తింటున్నదెవరే?"

కౌజు ఓరకంట బండవైపు చూసింది. నక్క లేదు! అయ్యో, నా గుడ్లు! ఆ గోలలో అరిచినా వినేదెవరు? వెనక్కి తిరిగితే తనకీ శిక్షే. అప్పుడు తట్టింది చూడండి ఉపాయం!

"తమ్ముడూ, గట్టెక్కి వెనక గడ్డిలోకి ఉరుకు!" అంది, పక్కవాళ్లకు వినబడకుండా.

ఉడుము గోళ్లు దిగేసి సర్రున గట్టెక్కింది. అందరి కాళ్ల సందుల్లోంచి దూరి గడ్డిలో పడింది. కట్టుబాటు కట్టుబాటే కదా, దొంగ మీంచి చూపు తిప్పకూడదాయె! మెడలన్నీ ఒక్కసారే అటు తిరిగాయి.

అక్కడ కౌజు గూటి దగ్గర ఎవరనుకున్నారు? నక్క! మూతి నిండా పచ్చసొన.

"కాపలా... కాపలా కాస్తున్నా!" అంది నీళ్లు నములుతూ.

"మూతితోనా మామా?" అంది అడవిపంది.

రేచుకుక్కలు ఇటు మళ్లాయి. నక్క తోకలో సగం బొచ్చు ముళ్లకంపకు వదిలేసి, అడవి దాటేదాకా ఆగలేదు.

"దాన్ని పట్టుకొచ్చి రేపు పరుగెత్తిద్దాం! ముందు వరస నాది!" అని గంతులేసింది నెమలి.

"నువ్వు చూసుకో బావా, నాకు పనుంది," అంటూ కౌజు మిగిలిన గుడ్ల మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. పక్కనే చతికిలబడబోయిన ఉడుముతో, "నువ్వు మంచివాడివే తమ్ముడూ, అయినా కాస్త అవతల పడుకో!" అంది.

నీతి: ఒకడి శిక్షను రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంటే, మన గూడు దోచేవాడికి అంతకంటే మంచి అదను దొరకదు.