తడవని బూటు

చేస్తానని ఒప్పుకున్న పని చేయకుండా, చేశానని చెప్పి, ఆ పూట కడుపునిండా తిన్న రోజు నీకు లేదా? ఉంది. లేదని నాతో అనకు. ఎవరూ పట్టుకోలేదు కాబట్టి అది తప్పు కాకుండా పోయిందనుకున్నావు. అయితే ఈ కథ నీకోసమే. కదలకుండా కూర్చుని విను.

అరకు అవతల కొండల్లో పాంగి దొన్ను అనే పెద్దాయన ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు తపాలా సంచి భుజాన వేసుకుని ఊరి నుంచి ఊరికి పరుగెత్తిన మనిషి. ఆ పని మానేశాక, కొండదారుల్లో జరిగే పరుగు పందాలకు పిల్లల్ని తయారు చేసేవారు. అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు. ఆయన కాళ్ళకు ఎన్నడూ చెప్పులు లేవు.

ఆయన దగ్గర నియమం ఒక్కటే. పొద్దుటి పరుగులో అందరికంటే ముందు వచ్చినవాడు కూర్చోకూడదు. గోడకు ఆనించి ఉన్న గజ్జెల కర్ర తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. చివర ఉన్నవాణ్ణి వెంటబెట్టుకుని రావాలి. తపాలా రోజుల నాటి కర్ర అది. దారిలో చిక్కుబడిపోయిన మనిషికి ఆ చప్పుడు వినబడితే చాలు, మనవాళ్ళు వస్తున్నారని ధైర్యం.

శిష్యుల్లో త్రినాథ్ అనే అతను ఉండేవాడు. బొబ్బిలి నుంచి వచ్చాడు. కాళ్ళలో సత్తువ ఉంది. రోజూ అతనే ముందు. అందుచేత రోజూ ఆ కర్ర అతని చేతికే వచ్చేది.

వచ్చే నెలలో పెద్ద కొండపరుగు ఉంది. మాస్టారు దానికి ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కడూ తనేనని త్రినాథ్‌కు తెలుసు. తెలియనిదల్లా ఏ బూట్లు వేసుకుని వెళ్ళాలన్నదే.

ఒకరోజు రెండు జతలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. పక్కనే వంటింట్లో దినుసులు తూచుకునే చిన్న కాటా, ఒక నోటు పుస్తకం.

"ఈ బూడిదరంగుది చూడండి. పాదం ఎలా ఉంటే ఇదీ అలాగే ఉంటుంది. ముందువైపు వెడల్పు, వేళ్ళు విచ్చుకుంటాయి. మడమ కింద ఎత్తు లేదు. వేసుకున్నా ఉత్తకాళ్ళతో ఉన్నట్టే," అన్నాడు.

"ఉత్తకాళ్ళతో ఉన్నట్టుండడానికి బూట్లు కొన్నావా అన్నా?" అన్నాడు తోటి శిష్యుడు బాలన్న. "మా అయ్యకి పుట్టినకాడ్నించీ ఉన్నాయి అయ్యి."

అందరూ నవ్వారు. కిల్లో సుమిత్ర ఇంకాస్త ఎక్కువ నవ్వింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. చేరి నెల కాలేదు. రోజూ చివర వచ్చేది.

"నువ్వు నవ్వకు. నీ వల్లే నాకు రోజూ రెండు పరుగులు," అన్నాడు త్రినాథ్.

"అందుకే కదన్నా నీకు రెండు జతలు!"

త్రినాథ్ నవ్వలేదు. ఎర్ర జత కాటా మీద పెట్టాడు. "ఇది ఇంకా తేలిక. ఒక్కోటి పద్నాలుగు గ్రాములు తక్కువ. కాస్త సన్నం, అంతే. ఏది మేలో రేపు తేలుస్తాను."

మాస్టారు ఒక మూల కూర్చుని అంతా విన్నారు.

మర్నాడు త్రినాథ్ బూడిదరంగు జత వేసుకుని పరుగెత్తాడు. దారిలో మోకాలి లోతు కొండవాగు, అక్కడివాళ్ళు గెడ్డ అంటారు, ఒకటి ఉంది. దాన్ని దాటి, అందరికంటే ముందు వచ్చాడు. వచ్చీ రాగానే తడి బూటు తూచాడు. రెండువందల పద్దెనిమిది ఉన్నది రెండువందల అరవై ఒకటి అయింది. పుస్తకంలో రాసుకున్నాడు.

ఒక్కొక్కరే వచ్చారు. సుమిత్ర రాలేదు.

త్రినాథ్ ఎర్ర జత తొడుక్కుని, గజ్జెల కర్ర తీసుకుని బయలుదేరాడు. మలుపు దాకా గజ్జెలు మోగిస్తూనే వెళ్ళాడు. అక్కడ దారి చీలుతుంది. కిందికి దిగితే గెడ్డ. పైకెక్కితే ఎండు రాళ్ళ గట్టు. పెద్ద పందెం జరిగేది అటువంటి రాళ్ళ మీదే.

ఆ పిల్ల నెమ్మదిగా ఎలాగూ వచ్చేస్తుంది కదా అనుకున్నాడు. గజ్జెల్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని, గట్టు ఎక్కాడు.

అరగంటకు తిరిగి వచ్చాడు.

"సుమిత్ర ఏదిరా?" అన్నారు మాస్టారు.

"గెడ్డ దాటి మరీ చూశాను మాస్టారూ. ఎక్కడా లేదు. ఇంటికెళ్ళిపోయుంటుంది."

ఆమె ఊరు ఆ పక్కదే. అందరూ నమ్మారు. రాగి అంబలి పోసుకుని కూర్చున్నారు. త్రినాథ్ కూడా గిన్నె తెచ్చుకున్నాడు. తాగే ముందు ఎర్ర బూటు కాటా మీద పెట్టాడు.

"చూడరా బాలన్నా! వెళ్ళేటప్పుడు రెండువందల నాలుగు. వచ్చాక కూడా రెండువందల నాలుగే. ఒక్క గ్రాము పెరగలేదు!"

"గెడ్డ కూడా నిన్ను సూసి పక్కకి తప్పుకుందేటన్నా?" అన్నాడు బాలన్న.

ఎగతాళికి అన్నాడు. కానీ ఎవరూ నవ్వలేదు. బాలన్న కూడా తను అన్న మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు. అందరూ ఆ బూటు వంక చూశారు. పొడిగా ఉంది. అంచులకు తెల్లటి రాతిపొడి అంటుకుని ఉంది.

మాస్టారు గిన్నె కింద పెట్టి లేచారు.

"రెండు జతలూ అట్టుకో. రా."

త్రినాథ్ ఎర్ర జత తొడుక్కుని, బూడిదరంగు జత చేత పట్టుకుని ఆయన వెనక నడిచాడు. మాస్టారు గెడ్డలో దిగారు. అతనూ దిగాడు. అవతలి ఒడ్డున ఎర్ర బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇప్పుడు తూచు," అన్నారు మాస్టారు, వెనక్కి చూడకుండానే.

ఒడ్డుకు వంద అడుగుల దూరంలో సుమిత్ర ఒక బండ మీద కూర్చుని ఉంది. కుడికాలి చీలమండ దగ్గర వాచి, నల్లగా కమిలిపోయింది. వాళ్ళను చూసి ఏడవలేదు. ముఖం విప్పారింది.

"కాలు బెణికింది మాస్టారూ. ఎవరో ఒకరు వత్తారు కదా అని కదలకుండా కూకున్నాను. మలుపు కాడ గజ్జెలు ఇనబడ్డాయి. అన్న వచ్చేత్తన్నాడని లెగిసి కేకేసి, ఒక అడుగు ఏసేను. అప్పుడు పటుక్కుమంది." ఆమె త్రినాథ్ వైపు తిరిగింది. "మరి ఇనబడలేదు. గజ్జెలు ఊడిపోయాయేటన్నా?"

త్రినాథ్‌కు చెవులు కాలిపోతున్నాయి. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల తిట్టడానికి బదులు కర్ర గురించి అడిగింది.

"ఉత్తకాలుతో ముళ్ళదారిలో తీసుకెళ్ళలేం," అన్నారు మాస్టారు. "నీ జతల్లో ఏది పడతాదో సూడు."

త్రినాథ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన కాలిది విప్పి, ఎర్ర బూటు తొడగబోయాడు. ఎక్కలేదు. సుమిత్ర పళ్ళు బిగబట్టింది. బూడిదరంగుది తీశాడు. వెడల్పుగా ఉంది, ఆ వాచిన పాదాన్ని లోపలికి రానిచ్చింది. తాడు వదులుగా ముడి వేశాడు.

"మొయ్యి," అన్నారు మాస్టారు.

ఆసుపత్రికి బండి దొరికే రోడ్డు అక్కడి నుంచి మూడు మైళ్ళు, అంతా ఎక్కుడే. తడిసిన ఎర్ర బూట్లు రాళ్ళ మీద జారతాయి. త్రినాథ్ రెండోది కూడా విడిచేసి, సుమిత్రను వీపు మీద ఎక్కించుకున్నాడు. నాలుగడుగులు వేసి తల తిప్పి చూశాడు. మాస్టారు వంగి, అతను విడిచిన బూట్లు తీసి, రెండు చేతులతో పట్టుకున్నారు.

"మాస్టారూ! వద్దు! మీరు నా చెప్పులు... అక్కడ పారెయ్యండి మాస్టారూ."

"నీకు చేతులు కాళీ లేవు కదరా."

ఆ మూడు మైళ్ళూ ఆయన అతని బూట్లు మోసుకుంటూ ముందు నడిచారు. వాటి నుంచి నీటి చుక్కలు దారిపొడుగునా రాలాయి. త్రినాథ్ పాదాల్లో రాళ్ళు గుచ్చుకున్నాయి. ఆ నొప్పి అతనికి తెలియలేదు. ముందు నడుస్తున్న చేతుల్లో ఉన్నవాటిని చూడలేక, నేల చూస్తూ నడిచాడు.

సగం దారిలో సుమిత్ర అతని చెవి దగ్గర మెల్లగా అంది.

"అన్నా, నువ్వు సెప్పింది నిజమే. నీ బూటు తేలికే."

అతను ఆమెను వీపు మీద ఇంకాస్త పైకి సర్దుకుని నడిచాడు.

ఆ కాలు అతుక్కుంది గాని, సరిగ్గా అతుక్కోలేదు. సుమిత్ర మళ్ళీ పందెం పరుగెత్తలేదు. అయినా పొద్దున్నే వచ్చి, పిల్లలకు అంబలి కాచిపెట్టి, ఎవరు ఎప్పుడు వచ్చారో చూసేది.

మాస్టారు త్రినాథ్‌ను వెళ్ళగొట్టలేదు. పెద్ద పందేనికి అతన్నే పంపారు. అతను రెండోవాడిగా వచ్చి పతకం తెస్తే, "మంచిదే" అన్నారు. గజ్జెల కర్ర కూడా ఎప్పటిలాగే ముందు వచ్చిన అతనికే ఇచ్చేవారు. త్రినాథ్ రోజూ గెడ్డ దాటి వెళ్ళేవాడు. ఎవరూ వెనకపడకపోయినా, బూట్లు తడుపుకునే వచ్చేవాడు.

మూడేళ్ళ తర్వాత ఒక ఉదయం కూడా అలాగే వెళ్ళి వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"అవతలి ఒడ్డు దాకా చూశాను మాస్టారూ. దారిలో ఎవరూ లేరు. అందరూ వచ్చేశారు."

మాస్టారు తలూపారు. రోజూ అన్నట్టే, అతని వైపు చూడకుండా అన్నారు.

"సుమిత్రా, ఓపాలి సూసి రామ్మా."

ఆమె గరిట పక్కన పెట్టి లేచింది. త్రినాథ్ చేతిలోంచి కర్ర అందుకుంది. కుడికాలు కాస్త ఈడుస్తూ దారి పట్టింది.

త్రినాథ్ తల వంచుకుని నిలబడ్డాడు. గజ్జెలు మలుపు దాటి, కిందికి, గెడ్డ వైపు దిగుతున్నాయి.