రాణివాసపు గుమ్మంలో వెల్మింటన్ మోటారు

రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు ఏది కనబడినా, దాని అద్దంలో తల దువ్వుకుంటే గాని నేను ముందుకు కదలను. అది నా సోకు అంటుంది మా ఆవిడ. కాదు, పరోపకారం. అంత డబ్బు పోసి కొన్న బండి ఎంత తళతళలాడుతోందో యజమానికి ఎవరో ఒకరు తెలియజెప్పాలి గదా. నా నెత్తిన దువ్వదగ్గ వెంట్రుకలు పదిహేనో పదహారో మిగిలాయి. అయినా ఈ సేవ మానలేదు.

కార్ల గురించి నాకు తెలిసింది ఆ అద్దం వరకే. మిగతాదంతా విన్నదే. ఈ కథ కూడా మా వీధిలో అట్లు పోసే నారాయణమ్మ చెప్పగా విన్నాను. వాళ్ళ అమ్మమ్మ కోటలో దాసీ. ఒక్కో అట్టు కాలేలోపు ఒక్కో ముక్క చెప్పేది. ఎక్కడైనా కాస్త మాడినట్టుంటే ఆ తప్పు నాది.

రాజులకు రాజ్యాలు చేజారి మోటార్లు మాత్రం మిగిలిన ఒకానొక కాలంలో, గోపెమ్మకోట అని ఒక సంస్థానం ఉండేది. దానికి రాజు నరసింహదేవు బహద్దూరు వారు. లోకమంతా పేరెరిగిన పెద్ద విదేశీ మోటారు ఆయనకు ఉండేది. అది వీధిలోకి వస్తే జనం అరుగులు దిగి దణ్ణం పెట్టేవారు. ఆ దణ్ణాలు తనకో మోటారుకో తేల్చుకోవలసిన అవసరం రాజుగారికి ఎప్పుడూ కలగలేదు.

ఆయన కొలువులో కూర్మన్న అని ఒకడుండేవాడు. అతని ఉద్యోగం ఏమిటో దివాను గారికి కూడా తెలియదు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడు మాట్లాడటం, ఇంకా విసుగు పుట్టకముందే ఆపెయ్యడం అతని పని. కూర్చోడానికి పీట ఉండేది. గోపెమ్మకోట దర్బారులో పీట ఉండటమంటే చిన్న విషయం కాదు. అది ఉన్నవాడి ఇంటికి పెళ్ళిపిలుపు మేళంతో వచ్చేది. లేనివాడికి దారిలో కనబడితే చెప్పేవారు.

దసరాకు పది రోజుల ముందు చెన్నపట్నం నుంచి పొన్నుసామి నాయుడనే వర్తకుడు కొత్త మోటారు నడుపుకుంటూ వచ్చాడు. దాని పేరు వెల్మింటన్. రంగు వంకాయ తొక్క రంగు. మంచి బండి, మెత్తటి నడక. అప్పటికే పదకొండు సంస్థానాలు తిరిగొచ్చాడు. ప్రతిచోటా ఫలహారం పెట్టారు, బండి పేరడిగారు, పేరు విన్నాక కాఫీ ఇవ్వకుండా సాగనంపారు. ఈ ఒక్క బండీ అమ్ముడుపోకపోతే తన కొట్టు మూతపడుతుందని నాయుడు రాజదర్శనానికి ముందురోజే కూర్మన్నతో చెప్పుకున్నాడు. చెబుతున్నప్పుడు ఏడవలేదు గాని, కండువాతో మోటారు దుమ్ము తుడుస్తూ తుడిచినచోటే తుడిచాడట.

రాజుగారు మోటారు చుట్టూ ఒక్కసారి తిరిగారు. పేరు చదివారు.

"ఎవరు విన్నారయ్యా ఈ పేరు?" అన్నారు.

నాయుడు ఇంజను సంగతి ఎత్తుకోబోయాడు. రాజుగారు చెయ్యెత్తారు. "నేను మోటారు కొనేది ఎక్కడానికి కాదు నాయుడూ. ఇదీ నా మోటారు అని చెప్పుకోడానికి. దీని పేరు చెబితే, అదేమిటని అడుగుతారు. నేను జవాబు చెప్పుకోవాలా?"

అక్కడితో ఊరుకోవలసింది. కూర్మన్న ఊరుకోలేదు. బండి మంచిదేననీ, పెద్దపెద్దవాళ్ళు అడిగి మరీ కొంటారనీ అన్నాడు. రాజుగారికి సరదా పుట్టింది. దసరాకి ఏడుగురు జమీందార్లు కుటుంబాలతో వస్తున్నారనీ, వాళ్ళలో ఒక్కరైనా ఈ బండి కావాలని నిండు కొలువులో అడిగితే తానూ కొంటాననీ చెప్పారు.

"అడగకపోతే?" అన్నాడు కూర్మన్న.

"నీ పీట తీయించేస్తాను. నువ్వూ నాయుడూ కలిసి దీన్ని రైలుస్టేషను దాకా తోసుకుపోతారు. నాలుగు మైళ్ళు. మేళం నేను పెట్టిస్తాను."

కూర్మన్న నమస్కారం చేసి ఒక మనవి చేసుకున్నాడు. పేరులేని బండి సింహద్వారం దగ్గర నిలబడితే ప్రభువులకు తలవంపులు గదా, పండుగ రోజులు వెనకవైపు రాణివాసపు గుమ్మంలో పెట్టించమన్నాడు. ఆడవాళ్ళు గుడికి వెళ్ళడానికి పనికొస్తుంది, చుట్టూ తెరలుంటాయి కనుక ఎవరి కంటా పడదు. రాజుగారికి ఆ మాట నచ్చింది. తన మర్యాద గురించి ఇంత ఆలోచించినవాణ్ణి పీట మీంచి దించాల్సి వస్తోందని కాస్త జాలి కూడా పడ్డారు.

ఆ సంస్థానాల్లో ఘోషా గట్టిగా ఉండేది. రాణులు గడప దాటితే ముఖమల్ తెరలు. రాజుగారి పెద్ద మోటారుకి కూడా ఆడవాళ్ళెక్కే రోజున దుప్పటంత మందం తెరలు బిగించేవారు. లోపల చీకటి, ఉక్క.

నాయుడు ఆ సాయంత్రమే మోటారు దీపాలు తోమడం మొదలుపెట్టాడు. కూర్మన్న అతని చేతిలోంచి గుడ్డ లాక్కుని, తిన్నగా రాణివాసపు దాసీ సన్యాసమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. రాణులను బండెక్కించి దించే పని పాతికేళ్ళుగా ఆవిడది. మోటారులో అమ్మగార్లకి ఏం కష్టమో చెప్పమన్నాడు.

సన్యాసమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళలో ఈ మాట అడిగినోడు నువ్వేనయ్యా కూర్మన్నా," అంది. తర్వాత వేళ్ళు ముడుస్తూ చెప్పుకుపోయింది. మెట్టు ఎత్తు, పట్టుచీర కాలికి అడ్డం పడుతుంది. తాంబూలం పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే కుదుపుకి వక్కలన్నీ నేలపాలు. గాలాడదు. చివరికి గొంతు తగ్గించింది. "అన్నిటికన్నా పెద్ద కష్టం ఒకటుంది బాబూ. మోటారొస్తే ఊరంతా సూస్తాది. నోపలున్నోళ్ళకి మాత్రం ఏటీ కనబడదు."

ఆ వారం రోజులూ ఇద్దరూ వడ్రంగితో, దర్జీతో కూర్చున్నారు. కింద ఇంకో మెట్టు వేయించారు. తాంబూలం పెట్టెకు సీటు పక్కన గూడు చేయించారు. కిటికీలకు తడిపిన వట్టివేళ్ళ తడికెలు. వాటి మధ్య జానెడు మేర ముఖమల్ కత్తిరించి, ముదురు రంగు సన్నటి జాలీగుడ్డ కుట్టించారు. ఎండపొద్దున లోపలివాళ్ళకు బయటంతా కనబడుతుంది. బయటివాళ్ళకు నల్లటి గుడ్డ తప్ప ఏమీ కనబడదు. దివాను గారు వచ్చి ముక్కు ఆనించి మరీ చూసి, ఘోషాకు లోటేమీ లేదని ఖాయం చేసి వెళ్ళారు. లోపల కూర్చున్న కూర్మన్న ఆయన ముక్కు మీది పుట్టుమచ్చ మొదటిసారి చూశాడు.

విజయదశమి నాడు పట్టపురాణి చంద్రమణీదేవి గారు ఆ మోటారెక్కారు. ఆవిడ ఆ కోటకు కోడలుగా వచ్చి పదకొండేళ్ళు. మూసిన పల్లకీలో వచ్చారు. తన ఊరు ఆవిడకు చెవులకూ ముక్కుకూ మాత్రమే తెలుసు. సుత్తి చప్పుడు వస్తే కంచరివీధి. జంతికల వాసన వస్తే బజారు. గంట వినబడితే గుడి వచ్చినట్టు.

మోటారు కదలగానే ఆవిడ జాలీగుడ్డకు ముఖం ఆనించారట. కంచరివీధి మలుపులో ఒక ముసలాయన బిందె ఎత్తి ఎండకు పట్టి, సొట్ట ఉందేమోనని ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"సన్యాసీ, ఇదా మన ఊరు?" అన్నారు రాణిగారు.

"ఇదేనమ్మా."

"మళ్ళీ ఒకసారి తిప్పమను."

మూడుసార్లు తిప్పారు. తర్వాత చుట్టంచూపుగా వచ్చిన ఏడుగురు రాణులూ వంతులవారీగా ఎక్కారు. గుడి దగ్గర రాజుగారు రెండు గంటలు నిలబడ్డారు. ఎందుకాలస్యమని అడిగితే, అమ్మగార్లు ఇంకా ముస్తాబవుతున్నారని కూర్మన్న చెప్పాడు. జమీందార్లందరూ పెళ్ళయినవాళ్ళే కనుక ఒక్కరూ అనుమానించలేదు.

మర్నాడు కొలువు తీరింది. పీట పక్కన ఒక నౌకరు, ఎత్తడానికి సిద్ధంగా నిలబడ్డాడు. నాయుడు స్తంభం వెనక.

కాసేపటికి ఒక జమీందారు గొంతు సవరించుకుని, తనకీమధ్య మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయనీ, ఆ రెండు మెట్ల మోటారు ఎక్కడ దొరుకుతుందనీ అడిగాడు. ఇంకొకాయన తనకు వంకాయ రంగంటే చిన్నప్పటినుంచీ ఇష్టమన్నాడు. మూడో ఆయన సాకేదీ దొరక్క, "నాకూ ఒకటి," అని ఊరుకున్నాడు.

రాజుగారు తెల్లబోయారు. "ఆ బండి మీలో ఎవరైనా చూశారా?"

"చూడలేదు," అన్నాడు మూడో ఆయన. "కొనాలి."

ఏడుగురూ అడిగారు. రాజుగారు కూర్మన్న వైపు తిరిగి, ఏం మాయ చేశావన్నారు.

"మాయ లేదు ప్రభూ. తమ మోటారు రోడ్డు మీద నిలబడేవాళ్ళ కోసం. ఈ మోటారు లోపల కూర్చునేవాళ్ళ కోసం. రోడ్డు మీద నిలబడేవాళ్ళు దణ్ణమైతే పెడతారు గాని మోటారు కొనరు. దీని పేరు ఎవరు విన్నారని అడిగారు తమరు. తెర వెనక ఎనిమిదిమంది విన్నారు."

"మా రాణివాసంలో నాతో ఎవరూ అనలేదే?"

"తమరు అడగలేదు ప్రభూ."

నాయుడు స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాడు. రాజుగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి వచ్చారు. వస్తూనే నవ్వడం మొదలుపెట్టారు. పీట పక్కనున్న నౌకరు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేశాడు.

"కంచరివీధిలో ఒంటికన్ను మూసి బిందె చూసే ముసలాయన ఎవరయ్యా?" అన్నారు. "ఆయన గురించి రాణిగారు గంటసేపు చెప్పారు. ఆ వీధిలో నేను ఇరవయ్యేళ్ళుగా తిరుగుతున్నాను. జనం నన్ను చూస్తున్నారో లేదో చూసుకోవడమే సరిపోయింది, ఊరు చూడలేదు."

మోటారు కొన్నారు. కూర్మన్నకు శాలువా కప్పించి, పీట తన పక్కకు జరిపించారు. నాయుడికి ఆ పూట మూడుసార్లు కాఫీ ఇప్పించారట. ఆ సాయంత్రం రాజుగారు తానూ ఊరు చూస్తానని వెల్మింటన్ ఎక్కారు. రాణిగారు సరేనన్నారు గాని, కిటికీ వదల్లేదు.

ఇప్పుడు ఆ మోటారు కంపెనీ లేదు, ఆ కోటలో తాలూకా ఆఫీసు నడుస్తోంది. కంచరివీధిలో ప్లాస్టిక్ బిందెలు అమ్ముతున్నారు. నారాయణమ్మ కూడా పోయింది. ఆవిడ పెనం వాసన గుర్తొచ్చినప్పుడల్లా ఈ కథ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాను. విన్నవాళ్ళు నన్ను చాలా తెలిసినవాడనుకుంటారు.

మాకు పెళ్ళయి ముప్పయ్యొక్క ఏళ్ళు. బస్సెక్కగానే ఇప్పటికీ కిటికీ పక్క సీట్లో నేనే కూర్చుంటాను. నువ్వు కూర్చుంటావా అని మా ఆవిణ్ణి అడగడం నాకింకా చేతకాలేదు.