పూడిక మోసిన గాడిద

నల్లకొండ అడవిలో రాజు లేడు. ముసలి సింహం పోయాక జంతువులన్నీ సభ పెట్టుకుని, "ఇక మనల్ని మనమే ఏలుకుందాం" అని తేల్చేశాయి. చట్టం కూడా రాసుకున్నాయి. ఇక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. బయటివాళ్లు ఏడాది ఇక్కడ బతికి, వేసవిలో చెరువు పూడిక మోసి, సభలో ప్రమాణం చేస్తే పౌరులు. పౌరులకే చెరువు నీళ్లు, పౌరులకే ఓటు.

కరువు పల్లె నుంచి ఒక గాడిద వచ్చి, వాగు చెలమల్లో నీళ్లు తాగుతూ బతికింది. ఏడాది తిరిగేసరికి నిండు చూలాలు. చట్టం దానికి తెలియదు. చెరువు పెద్దగా ఎన్నికైన నక్కకు బాగా తెలుసు.

"నక్క బాబూ, నన్నిక్కడ ఉండనిస్తారా?"

"అంతా నా నోటిమాటలో ఉంది తల్లీ. నా వంతు పూడిక కూడా నువ్వే మొయ్యి. చూద్దాం."

గాడిద మోసింది. మండుటెండలో, వీపు పుండై మోసింది. నక్క పొదనీడన కునుకు తీసింది.

చూసి చూసి కాకికి ఒళ్లు మండింది. "ఏమే అక్కా, వాడి వంతు నువ్వెందుకు మోస్తున్నావు?"

"ఊరుకోవే! ఆయన దయ తప్పితే నా నోట మట్టే."

"ఇప్పుడు మోసేది పాయసమా? దయ ఏమిటే పిచ్చిదానా, చట్టం ఉంది! సభకొచ్చి అడుగు!"

సభ రోజున గాడిద ముందుకొచ్చింది. "ఏడాది బతికాను. పూడిక మోశాను. నన్ను పౌరురాలిని చేయండి!"

నక్క లెక్క వేసుకుంది. ఇది పౌరురాలైతే వచ్చే ఏడు తన తట్ట ఎవరు మోస్తారు? ఎగిరి లేచింది.

"దీని మోత ఒక మోతా? నేను మొయ్యమంటేనే మోసింది! నా వంతంతా దీని వీపు మీదే పోయించాను. నా మాట లేకుండా ఒక్క తట్టయినా కదిలిందా?"

సభ పెద్ద దున్నపోతు కొమ్ములు ఊపింది. "అంటే మోసిందన్నమాట. సాక్ష్యం నువ్వే. మరి నువ్వేం మోశావురా?"

నక్క తోక ముడిచి వెనక్కి జరిగింది. సభంతా ఘొల్లున నవ్వింది.

"తరిమేయండి దొంగను!" కోతులు అరిచాయి.

"ఆగండర్రా!" దున్నపోతు గర్జించింది. "వాడిక్కడ పుట్టాడు, పౌరుడే. పదవి మాత్రం మనమిచ్చింది. మనమే తీసేద్దాం."

గాడిద ప్రమాణం చేసింది. తొలి ఓటు నక్క పదవి తీసేయడానికే వేసింది. పదవి ఊడింది. మరుసటి వేసవి, పుట్టుకతోనే పౌరసత్వమొచ్చిన గాడిదపిల్ల గట్టు మీద గెంతుతుంటే, నక్క తన తట్ట తానే ఎత్తుకుని, మూలుగుతూ గట్టెక్కింది.

పిల్లలూ, పౌరసత్వం ఎవడో వేసే భిక్ష కాదు, చట్టమిచ్చే హక్కు. తెలుసుకుని, నోరు విప్పి అడగండి!