మిరపపొగ యువరాజు

అనగనగా ఒక రాజు. పేరు విజయకేతుడు, ఏలేది మణిసిరి రాజ్యం. ఆయనకు ఒక్కటే గొప్ప. "మా వంశంలో ఏడు తరాలుగా ఎవరి చేతికీ నెత్తురు అంటలేదు!" అని మీసం మెలేసేవాడు. నిజమే మరి! ఆయన ఆయుధశాలలో కత్తి లేదు, బాణం లేదు. ఉన్నవి మూడే: మిరపపొగ బుడ్డి, తనంతట తానే చుట్టుకునే తాడు, మత్తుపొడి. వాటిని పట్టేవాడు ముందు నిండు సభలో తన మీదే ప్రయోగించుకోవాలి. వాటితో ఒక్క ప్రాణం పోయినా కిరీటం దింపి అడవికి పోవాలి. అదీ అక్కడి ఆచారం.

రాజుగారి కొడుకు రత్నకేతుడు మూడింటినీ తట్టుకున్నాడు. పొగలో నిలబడి, కళ్ళు ధారలు కడుతున్నా నవ్వాడు. తాడు బిగిసినా కదల్లేదు. మత్తుపొడి పీల్చి పడుకుని, మర్నాడు లేచి "అన్నం పెట్టండి" అన్నాడు. సభంతా చప్పట్లు!

"ఇవి చీమనైనా చంపవు!" అని తొడగొట్టాడు యువరాజు.

అంతలో కంకాళుడనే మాంత్రికుడు, రత్నకేతుడు పెళ్ళాడబోయే రాకుమారి హేమలేఖను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. యువరాజు మూడు ఆయుధాలూ మూట కట్టుకున్నాడు. ఒకప్పుడు తాను వలలోంచి విడిపించిన తాబేలు వీపెక్కి, ఏడు సముద్రాలూ దాటాడు.

కోట మొదటి వాకిట రాక్షస భటులు. యువరాజు బుడ్డి మూత తీశాడు. గాలి తిరిగి సగం పొగ తన మొహానికే కొట్టింది. భటులు పరుగో పరుగు! ముసలి గుండోదరుడొక్కడే పరిగెత్తలేకపోయాడు. అసలే ఉబ్బసం మనిషి. కుప్పకూలి, పెదవులు నల్లబడి, ఊపిరికి గిలగిలలాడాడు.

"లే తాతా! అది చంపదు, ఉత్త మిరపపొగే!" అన్నాడు యువరాజు కంగారుగా.

"నీ ఛాతీ మీద చూశావు నాయనా. ఈయన ఛాతీ మీద చూశావా?" అంది వెంట వచ్చిన తాబేలు దగ్గుతూ.

యువరాజు ముసలివాణ్ణి భుజాన వేసుకుని గాలి వీచే ఒడ్డుకు పరిగెత్తాడు. మొహం కడిగాడు, ఆనించి కూర్చోబెట్టాడు, ఉత్తరీయంతో విసిరాడు. ఆ కాసేపూ అతనికి కిరీటం గుర్తులేదు, రాకుమారీ గుర్తులేదు.

గుండోదరుడు కళ్ళు తెరిచాడు. "పడగొట్టినవాడు ఆగి లేపడం ఇప్పుడే చూశాను బాబూ. మా దొర ప్రాణం పైమేడ పంజరంలో చిలకలో ఉంది, పో."

రెండో వాకిట తాడు విసిరాడు. అది భటుల మెడల దాకా పాకింది. ఈసారి యువరాజు దాటి పోలేదు. ఒక్కొక్కరి మెడ దగ్గరా వేళ్ళు దూర్చి, ముడి వదులు చేసి మరీ కదిలాడు.

పైమేడలో కంకాళుడు, ఓ మూల బందీగా హేమలేఖ. మత్తుపొడి చల్లితే వాడు తుమ్మనైనా తుమ్మలేదు.

"నా ప్రాణం నాలో ఉంటే కదా! చిలక మీద చల్లు. మనిషికి నిద్ర తెచ్చే చిటికెడు దాని ప్రాణం తీస్తుంది. దాంతో నేనూ పోతాను, మీ ఏడు తరాల గొప్పా పోతుంది!" అని పకపకా నవ్వాడు.

పొడి మూట మీదికి వెళ్ళిన యువరాజు చెయ్యి ఆగిపోయింది.

"మా ఇంట చిలక నిద్రపోవాలంటే పంజరం మీద గుడ్డ కప్పేవాళ్ళం!" అని అరిచింది హేమలేఖ.

ఉత్తరీయం ఎగిరి పంజరం మీద పడింది. రాత్రయిందనుకుని చిలక రెక్కలో తల దాచుకుంది. కంకాళుడు ఆవులించి, నిలువునా కూలి గుర్రు పెట్టాడు! వాడి మంత్రదండం విరిచి సముద్రంలో పారేసి, గుండోదరుడితో సహా అందరూ మణిసిరికి వచ్చారు.

"చూశారా మా ఆయుధాలు! ఒక్క ప్రాణమూ పోలేదు!" అన్నాడు రాజు సభలో.

"పోబోయింది నాన్నగారూ," అన్నాడు రత్నకేతుడు, గుండోదరుణ్ణి ముందుకు నడిపించి. "నా చేతుల్లోనే పోబోయింది."

రాజు సింహాసనం దిగి వచ్చి కొడుకును కౌగిలించుకున్నాడు. "ఏడు తరాల్లో ఈ మాట ఒప్పుకున్న మగాడు నా కొడుకే!" అని సభంతా వినేలా అన్నాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు, గొంతు నిండా గర్వం.

పెళ్ళి వైభవంగా జరిగింది. గుండోదరుడు ఆయుధశాలకు కాపలాదారయ్యాడు. ఎవరు బుడ్డి అడిగినా, "గాలి ఎటు వీస్తోంది? ఎదుట ఎవరున్నారు?" అని అడిగేవాడు. రత్నకేతుడు, హేమలేఖ తలలు నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు. అంతటి మహారాజయ్యాక కూడా రత్నకేతుడు ఆ గుమ్మం ముందు చేతులు కట్టుకుని, ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాకే లోపల అడుగు పెట్టేవాడు.