పైడయ్య ఇంటికొచ్చిన రెండు పుస్తకాలు

మా ఊళ్ళో తెలివంతా ఒక్క ఇంట్లోనే ఉండేదట. ఆ మాట ఊరు అన్లేదు లెండి, ఆ ఇంటివాళ్ళే అనుకునేవాళ్ళు. పైడయ్య, వాడి పెళ్ళాం బంగారమ్మ, తమ్ముడు నూకరాజు. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని నడిచే తెలివి వాళ్ళది!

ఓరోజు ముగ్గురూ లైబ్రరీకెళ్ళారు. లైబ్రరీ చూసే భానుమూర్తి మేష్టారికి, పాపం, ఊళ్ళో చదివేవాళ్ళే లేరని దిగులు. వీళ్ళని చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"మంచి పుస్తకాలేవో మీరే చెప్పండి మేష్టారూ" అన్నాడు పైడయ్య.

ఆయన తనకి ప్రాణమైనవి రెండు తీశారు. "ఇది ఈత నేర్పే పుస్తకం, అన్నీ నిజాలే. ఇది నవల, కల్పితం. అయినా చదివినప్పుడల్లా ఏడుస్తాను. వీటికి ఇంకో కాపీ దొరకదు. కన్నబిడ్డల్లా చూసుకోండి" అన్నారు.

ఇంకేముంది! ఇంటికి రాగానే బంగారమ్మ రెండింటికీ ఆముదం రాసి, దిష్టిచుక్క పెట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టింది.

కాసేపటికి నూకరాజు ఈత పుస్తకం తీశాడు. ఈత వచ్చేదాకా నీళ్ళలో దిగవద్దని రాసుంది. అంతే, నులకమంచం మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ టపటపా కొట్టాడు.

"అన్నయ్యా, చూడు చూడు, మునగలేదు!"

"మన వంశంలో మంచం మీద ఎవరూ మునగలేదురా" అని పైడయ్య మురిసిపోయాడు.

తర్వాత నవల మొదలెట్టారు. నూకరాజు పైకి చదువుతున్నాడు. అందులో వకుళ అనే దిక్కులేని పిల్ల తిండిలేక పస్తులుంటోంది. బంగారమ్మకి కడుపు తరుక్కుపోయింది. గబగబా పెరుగన్నం కలిపి, ఆ పేజీలో పెట్టి, పుస్తకం మూసింది.

"అది కల్పితమన్నారు కదే మేష్టారు?" అన్నాడు పైడయ్య.

"చాల్లే ఊరుకో మావా! లేని మనిషి కోసం అంత చదువుకున్నాయన ఏడుస్తాడా?"

అవును కదా అనుకున్నాడు పైడయ్య.

పెరుగు తుడిచి మళ్ళీ చదివారు. వకుళ ఇంట్లో ఒంటరిగా ఉంది. ఓ దొంగ కత్తి పట్టుకుని గోడ దూకాడు. అక్కడికి పేజీ అయిపోయింది.

"తిప్పకురా నూకరాజూ! తిప్పితే లోపలికొచ్చేస్తాడు!" అని కేకేసింది బంగారమ్మ.

పైడయ్య నవలని కొబ్బరితాడుతో గట్టిగా కట్టేశాడు. కట్టాక గుర్తొచ్చింది, దొంగ చేతిలో కత్తుంది కదా, తాడు కోసెయ్యడూ? అంతే, పెరట్లోకి పరుగెత్తి దాన్ని నూతిలో గిరాటేశాడు. "చచ్చాడు వెధవ!" అని ముగ్గురూ చేతులు దులుపుకున్నారు.

ఉన్నట్టుండి బంగారమ్మ గుండెలు బాదుకుంది. "ఓరి నాయనోయ్, పిల్ల కూడా అందులోనే ఉంది కదర్రా!"

"నువ్వు దిగరా, నీకు ఈతొచ్చు కదా" అన్నాడు పైడయ్య.

"నాకు మంచం మీదే వచ్చన్నయ్యా. మన మంచం నూతిలో పట్టదు" అన్నాడు నూకరాజు ఏడుస్తూ.

ఇంకేముంది, పైడయ్య ఈత పుస్తకం తెచ్చి దాన్నీ నూతిలో పడేశాడు. "వకుళమ్మా, చదువుకుని పైకొచ్చెయ్ తల్లీ!" చీకట్లో ఎలా చదువుతుందని బంగారమ్మ లాంతరు వెలిగించి తాడుతో దింపింది.

"వదినా, దొంగ కూడా చదివేస్తే?" అన్నాడు నూకరాజు.

"చదువుకున్నవాళ్ళు దొంగతనాలు చేస్తారేంట్రా?"

ఆ మాటకి మాత్రం నేనేమీ అనను.

అంతలో, పుస్తకాలు నచ్చాయో లేదో అడుగుదామని మేష్టారే వచ్చారు. నూతిలోకి తొంగిచూశారు. లాంతరు వెలుగులో రెండూ తేలుతున్నాయి. ఆయన గట్టు పట్టుకుని బావురుమన్నారు.

"చూశావా మావా, మళ్ళీ ఏడుస్తున్నారు! ఆ పిల్లంటే ఆయనకెంత ప్రేమో!" అంది బంగారమ్మ.

పైడయ్య మెల్లగా ఆయన భుజం తట్టాడు. "ఊరుకోండి మేష్టారూ. ఊళ్ళో చదివేవాళ్ళే లేరని బాధపడ్డారు కదా? గట్టిగా ఏడవకండి, పిల్ల చదువుకుంటోంది."